నాలుగో వాడ పులుపు మానింది

1412వ రోజు

వంటశాల దినచర్య. రాస్తున్నది మైలపల్లి నూకరత్నం, కొత్తరేవు నాలుగో వాడ వంటశాల పెద్ద. రోజుల లెక్క నాది. నేను ఓడ దిగి ఈ చంద్రుడి మీద కాలు పెట్టిన నాటి నుంచి లెక్కపెట్టుకుంటున్నాను.

నగరపాలన వారు ఈ పుస్తకంలో రాయమనేవి రెండే. ఏం వండారు, ఎంతమంది తిన్నారు. ఈ పూట అన్నం, తోటకూర పప్పు, తొట్టిచేపల పులుసు. మూడొందల పన్నెండు మంది తిన్నారు. తినాల్సినవాడు ఒకడు తినలేదు. వాడు మా తమ్ముడు ఎల్లాజీ.

పొద్దుటి షిఫ్టులో మంచు కోసే మిషన్ వాడి కుడిచేతి నాలుగు వేళ్లు పట్టుకుపోయింది. కబురు వచ్చేసరికి నేను పోపు వేస్తున్నాను. ఇక్కడ బరువు తక్కువ కదా, ఆవాలు చిటపటమంటే మూకుడు దాటి మనిషెత్తు లేచి తీరిగ్గా కిందికి దిగుతాయి. అందుకని జల్లెడ మూత పెట్టే పోపు వేస్తాం. నేను మూత విసిరేసి పరిగెత్తాను. నేను వెళ్లాక కూడా వంటశాల నిండా ఆవాలు చాలాసేపు తేలాయని మస్తాన్‌బీ చెప్పింది. ఆవిడ నాకు వంటలో తోడు. మిగతా వంట ఆవిడే కానిచ్చింది.

బొటనవేలు మిగిలింది.

1415వ రోజు

జొన్న రొట్టెలు, దుంపల కూర. మూడొందల తొమ్మిది మంది.

ఎల్లాజీకి నోటీసు వచ్చింది. పట్టావాళ్లు, అంటే ఇక్కడ పుట్టి పౌరపట్టా ఉన్నవాళ్లు, దెబ్బ తగిలితే ఆసుపత్రికి వెళ్తారు. మాలాంటి ఓడవాళ్లకి దెబ్బ తగిలి పని చెయ్యలేకపోతే వచ్చిన ఓడే మళ్లీ ఎక్కాలి. తర్వాతి ఓడ నా లెక్కలో 1483వ రోజున.

అది పనిలో, మిషన్ తప్పు వల్ల తగిలిన దెబ్బ అని కంపెనీ ఒప్పుకుంటే సంగతి వేరు. కొత్త చెయ్యి అమర్చి, కూర్చుని చేసే పని ఇచ్చి ఉంచుకోవాలి. నీలిమంచు కంపెనీ వాళ్లు అలా రాయలేదు. కార్మికుడు తనే కోత కత్తికి అడ్డంగా ఉండే గార్డు తీసి చెయ్యి పెట్టాడని రాశారు.

"అప్పా, నేను పనిలో చేరినప్పటి నుంచీ ఆ మిషన్‌కి గార్డు లేదు. లేనిదాన్ని ఎలా తీస్తానే?" అన్నాడు వాడు.

ఆ మాటే రాసి దరఖాస్తు పెట్టాను. ఓడవాళ్ల దరఖాస్తుల పెట్టె వేరుగా ఉంటుంది. దాన్ని ఎవరైనా తెరవగా నేను చూళ్లేదు.

1421వ రోజు

కిచిడీ. మూడొందల పధ్నాలుగు మంది.

పై వలయంలో ఉండే పట్టావాళ్లు ఎల్లాజీ సంగతి విని నీలిమంచు నీళ్లు తాగడం మానేశారు! గోడ తెరల మీదంతా అదే వార్త. చొక్కాలకి నిరసన బిళ్లలు పెట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లకి మూడు కంపెనీల నీళ్లు దొరుకుతాయి కాబట్టి ఒకటి మానేసి ఇంకోటి తాగుతారు. దీన్ని నడిపేది విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే తమారా అనే ఆవిడ. తెర మీద ఎల్లాజీ ఫొటో చూపించి మాట్లాడింది. మావాణ్ణి ఎన్నడూ చూడని మనిషి వాడి కోసం అంత గట్టిగా మాట్లాడుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

1424వ రోజు

అన్నం, చారు, బీన్సు వేపుడు. మూడొందల పది మంది.

తమారా మా వంటశాలకే వచ్చింది. పొడుగ్గా, సన్నగా ఉంది. నలభై ఏళ్లుంటాయి. ఆవిడ మాట్లాడితే మెడలోని యంత్రం తెలుగులోకి మార్చి పలుకుతుంది. ఆ యంత్రానికి తెలుగు నేర్పినవాళ్లు ఏ కాలం పుస్తకాలు ఇచ్చారో ఏమో.

"మీ సోదరుని కొరకు మేము నీలిమంచు జలమును త్యజించితిమి. మీరేల ఇంకనూ త్రాగుచున్నారు?" అంది.

మస్తాన్‌బీ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆవిడ మొహం చూస్తే నిజంగా బాధపడుతోంది. ఓడవాళ్లలో ఒక్కరైనా మానలేదట. పై వలయంలో అందరూ ఆవిణ్ణి అడుగుతున్నారట, వాళ్లకే పట్టనప్పుడు మనకెందుకని.

"అమ్మా, మా కుళాయిలో వచ్చేది ఆ నీళ్లే. అది కట్టేస్తే ఇంకోటి లేదు," అన్నాను.

"వారి ఇతర వస్తువులనైననూ మానవచ్చును గదా?"

నా అనుమతి కార్డు తీసి చూపించాను. మేం ఏం కొన్నా ఈ కార్డు మీదే కొనాలి. ఏం కొన్నామో, ఏం మానేశామో అనుమతుల ఆఫీసుకి తెలుస్తుంది. కార్డు వెనక రాసి ఉన్న వాక్యం మీద వేలు పెట్టాను. 'ఓడపై వచ్చినవారు రాజకీయ చర్యలలో పాల్గొనరాదు.' నిరుడు రెండో వాడ వాళ్లు బిళ్లలు పెట్టుకుంటే రెండు కుటుంబాలని వెనక్కి పంపేశారు.

"మీరు మానేస్తే మీకు బిళ్ల వస్తుంది. మేం మానేస్తే మాకు ఓడ వస్తుంది," అన్నాను.

 యంత్రం "నేనెరుగను" అని మెల్లగా పలికింది. నేనిచ్చిన గ్లాసుడు నీళ్లు మాత్రం ముట్టుకోకుండానే వెళ్లింది. ఆ నీళ్లు కొత్తిమీర మడికి పోశాను.

1427వ రోజు

తొట్టిచేపల పులుసు. మూడొందల పదమూడు మంది.

మావాడికి చేపల పులుసంటే ప్రాణం. చేతికి కట్టు పడ్డప్పటి నుంచి సరిగ్గా తినడం లేదని విడిగా గిన్నెలో పెట్టి ఇచ్చాను. ఎడమచేత్తో తింటున్నాడు. పక్కనే ఉన్న పులుపు సీసా తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

ఈ చంద్రుడి మీద చింతచెట్టు లేదు. గోంగూర మొలవదు. నిమ్మకాయ పై వలయం వాళ్లకి తప్ప దొరకదు. మాకున్న పులుపల్లా తొట్టెల్లో పెంచి తీసే గుజ్జు ఒక్కటే. దాని పేరు పుల్లమ్మ. సీసా మీద పెద్ద బొట్టు పెట్టుకున్న ఒకావిడ బొమ్మ ఉంటుంది. పట్టావాళ్లు ఈ గుజ్జు తినరు. కొనేదంతా మేమే. మా తెలుగువాళ్లు, పక్క వాడల్లో తమిళులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, థాయి వాళ్లు.

"అప్పా, ఇదీ వాళ్లదేనే," అన్నాడు ఎల్లాజీ. పుల్లమ్మ బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాలు. నీలిమంచు ఆహార విభాగం. నాలుగేళ్లుగా ఆ సీసాలు నా చేతుల మీదుగా పోతున్నాయి, ఎన్నడూ చదవలేదు.

"చెయ్యి పట్టుకుపోయిందీ వాళ్లే, రుచిగా పెడుతున్నదీ వాళ్లే," అని నవ్వాడు. దెబ్బ తగిలాక వాడు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

గిన్నె మొత్తం వాడిచేత తినిపించాను. నేను మాత్రం అన్నంలో ఉప్పూ కారం కలుపుకు తిన్నాను. వాడికి ఓడ తప్పేదాకా పులుపు ముట్టనని మా నూకాలమ్మ తల్లికి మొక్కుకున్నాను. బాగా కోపం మీద ఉన్నాను. అంతకుమించి ఆలోచించానని చెప్పలేను.

1431వ రోజు

పప్పు, దుంపల వేపుడు. చారు లేదు. మూడొందల ఎనిమిది మంది.

నేను చారు పోసుకోవడం లేదని మస్తాన్‌బీ కనిపెట్టింది. సంగతి చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది.

"మొక్కు రాజకీయమా?" అంది.

"కాదు కదా."

"కార్డు వెనక మొక్కుకోకూడదని రాసుందా?"

"లేదు."

"అయితే నేనూ మొక్కుకుంటున్నా. మా దర్గా సాక్షిగా. మీ ఎల్లాజీ నా కొడుకుని ఆ మిషన్ దగ్గర పని నేర్పి నిలబెట్టాడు. నా కొడుకు ఇవాళ కూడా ఆ గార్డు లేని మిషన్ మీదే ఉన్నాడు."

మధ్యాహ్నం గిన్నెలు కడిగే వరసలో ఆవిడ ఈ మాట ఎంత నెమ్మదిగా చెప్పిందో, అంత వేగంగా పాకింది. 'మానెయ్యండి' అని ఒక్కరూ ఎవరికీ చెప్పలేదు. నేను మొక్కుకున్నాను అనడం, ఎదుటివాళ్లు అవునా అనడం, అంతే.

1438వ రోజు

పప్పు, చేపల ఇగురు. మూడొందల ఆరుగురు.

మూడు వాడలు పులుపు మానేశాయి. ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకున్నారు. దేవుణ్ణి నమ్మనివాళ్లు కడుపులో మంట అన్నారు. వారం నుంచి కొట్లో పుల్లమ్మ సీసాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

తేలికేం కాదు. పప్పు మీద పప్పు తింటుంటే నాలిక మొద్దుబారిపోతోంది. మిరియాలు దంచి వేడినీళ్లలో పోసి చారు అనుకోమన్నాను. ఒకాయన తాగి, "నూకరత్నం, ఇది చారు కాదు, శిక్ష," అన్నాడు. కానీ గ్లాసు ఖాళీ చేశాడు.

పై వలయంలో సంగతి ఇంకోలా ఉంది. నీలిమంచు వాళ్లు కొత్తగా సుగంధం కలిపిన నీళ్లు దించారు. తెరల మీద ఆ ప్రకటనలే. చొక్కాల మీద బిళ్లలు తగ్గిపోయాయి. మనసులో మంచి ఉంటే చాలదేమో, రోజూ గుర్తుండాలి. మాకు రోజూ మూడు పూటలా కంచంలోనే గుర్తొస్తుంది.

1447వ రోజు

అన్నం, దోసకాయ పప్పు. మూడొందల ఏడుగురు.

కంపెనీ సంక్షేమాధికారి దేవదత్తు వచ్చాడు. వాళ్ల తాత, ఓడవాళ్లకీ పట్టా ఇచ్చే రోజుల్లో, మాలాగే ఓడలో వచ్చి పట్టా సంపాదించుకున్నాడు. మనవడికి తెలుగు బాగానే వచ్చు. వెంట నాలుగు పెట్టెల పుల్లమ్మ సీసాలు తెచ్చాడు, ఉచితంగా.

"అక్కగారూ, ఏంటిది? మూడు వాడలకీ ఒకేసారి పులుపు పడకుండా పోయిందా?"

"మొక్కు బాబూ."

"అందరికీనా? ఏ దేవుడికి?"

"నాది నూకాలమ్మ. ఈవిడది దర్గా. పక్క వాడలో మేరీమాత. మీకు జాబితా కావాలంటే రాసిస్తాను, కాస్త పొడుగవుతుంది."

నవ్వాడు. "మరి మొక్కు ఎప్పుడు తీరుతుంది?"

"మా తమ్ముడికి ఓడ తప్పినప్పుడు."

నవ్వు ఆగిపోయింది. పెట్టెలు వదిలేసి వెళ్లాడు. వాటిని గుమ్మం దగ్గరే, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా ఉంచాను. ఒక్క సీసా కూడా ఎవరూ తియ్యలేదు.

1449వ రోజు

కిచిడీ. మూడొందల ఐదుగురు.

నా అనుమతి మీద విచారణ పెట్టారు. అధికారి ఎదురుగా గంటసేపు కూర్చున్నాను. ఫలానా తేదీ నుంచి పులుపు కొనడం ఎందుకు మానేశారని అడిగాడు. పులుపు తినకపోతే తప్పని నియమం ఉంటే చూపించమన్నాను. చాలా పేజీలు తిరగేశాడు. దొరకలేదు. నిర్ణయం వాయిదా వేశామన్నాడు.

వచ్చేసరికి ఎల్లాజీ గుమ్మంలో ఉన్నాడు. "ఇంక చాలు అప్పా. నేను వెళ్లిపోతాను. నీ అనుమతి కూడా పోతే అక్కడ ఇద్దరం ఏం చేస్తాం?"

"నువ్వు వెళ్తే ఆ మిషన్‌కి గార్డు వస్తుందా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు దాని మీద ఎంతమంది ఉన్నారు?"

"ఇరవై ఇద్దరు."

"అయితే ఇది నీ ఒక్కడిదే అనుకోకు. కూర్చుని తిను."

1456వ రోజు

పప్పు, అన్నం. మూడొందల ఇరవై మంది.

పుల్లమ్మ సీసాలు నింపే చోట ఒక షిఫ్టు ఆపేశారు. పధ్నాలుగు మంది ఆడవాళ్లకి పని పోయింది. వాళ్లూ ఓడవాళ్లే. నెలలోగా వేరే పని దొరక్కపోతే అనుమతి రద్దవుతుంది. ఈ సంగతి నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు.

మధ్యాహ్నం వాళ్లలో ఒకావిడ వచ్చింది. పేరు లూజ్, ఫిలిప్పీన్స్ మనిషి. పదేళ్లుగా మా వాడల మధ్య తిరిగి తెలుగు మాట్లాడుతుంది. కంచం బల్ల మీద కొట్టి, "నీ తమ్ముడి నాలుగు వేళ్ల కోసం మా పధ్నాలుగు మంది కడుపులా?" అంది అందరి ముందూ.

 తప్పు నాదే అన్నాను. అన్నం పెట్టాను. తినకుండా వెళ్లిపోతుందనుకున్నాను కానీ తింది. తిన్నాక కూడా కోపం పోలేదు.

"ఇప్పుడు ఆపేస్తావా?" అంది.

"ఆపమంటే ఆపుతాను."

"ఆపితే మా పని ఉత్తపుణ్యానికి పోయినట్టు. గోదాంలో సీసాలు కప్పు దాకా పేర్చాం. చోటు చాలక పాత సామాను అటూ ఇటూ జరిపించారు. గోడ వారన పెట్టెలు బయటపడ్డాయి. సీలు కూడా తియ్యలేదు. మీద బొమ్మ ఉంది. అవి మీ మంచు మిషన్ల గార్డులు."

వంటశాలలో అందరూ తినడం ఆపేశారు.

ఎల్లాజీ లేచి వచ్చాడు. ఆ పెట్టెల మీది బొమ్మ వేలితో బల్ల మీద గీసి చూపించమన్నాడు. లూజ్ గీసింది. వాడు తల పంకించాడు. గార్డు పెడితే కోత నెమ్మదిస్తుంది. అందుకే తెప్పించి కూడా పెట్టలేదు.

1459వ రోజు

దుంపల కూర, రొట్టెలు. మూడొందల పద్దెనిమిది మంది.

తనిఖీ కోరే హక్కు ఓడవాళ్లకి లేదు. పట్టావాళ్లకి ఉంది. తమారాకి కబురు పెట్టాను, ఆ పూటే వచ్చింది. మెడలో యంత్రం మార్పించుకుంది, ఇప్పుడు మామూలు తెలుగే పలుకుతోంది.

పై వలయంలో జనం మళ్లీ ఆ నీళ్లే తాగుతున్నారని చెబుతూ తల దించుకుంది. మా మొక్కు సంగతి అప్పుడే చెప్పాను. "ఇన్నాళ్లా? మూడు వాడలా?" అని గుమ్మం దగ్గరున్న పుల్లమ్మ పెట్టెల వైపు చూసింది. "నాకు ఒక్క మాట కూడా తెలియనివ్వలేదే."

"తెలిస్తే తెర మీద చెప్పేదానివి తల్లీ. చెబితే మేం ఓడలో ఉండేవాళ్లం."

తనిఖీ అర్జీ ఆవిడ పేరు మీద పెడుతుంది. కానీ గార్డుల పెట్టెలు కళ్లతో చూసినవాళ్ల సంతకం కావాలి, మిషన్‌కి గార్డు లేదని చెప్పేవాళ్ల సంతకం కావాలి. సంతకం పెట్టినవాళ్ల పేర్లు కంపెనీకి చేరతాయని ఆవిడ దాచకుండా చెప్పింది. లూజ్ పెట్టింది. ఎల్లాజీ ఎడమచేత్తో పెట్టాడు. వంకరటింకరగా వచ్చింది. తర్వాత మస్తాన్‌బీ కొడుకు, వాడి వెనక మిగతా ఇరవై ఒక్కరు.

1468వ రోజు

పప్పు. మూడొందల పదిహేడు మంది.

తనిఖీ జరిగింది. పుల్లమ్మ సీసాల వెనక, లూజ్ చెప్పిన గోడ వారనే, నలభై గార్డులు. రెండేళ్ల నాటి తేదీ.

1473వ రోజు

చేపల పులుసు. మూడొందల నలభై మంది, పక్క వాడల వాళ్లతో కలిపి.

ఎల్లాజీది పనిలో తగిలిన దెబ్బ అని కంపెనీ రాసిచ్చింది. మిషన్లన్నిటికీ గార్డులు బిగించారు. నా విచారణ మూసేశారు. లూజ్ వాళ్ల షిఫ్టు మళ్లీ మొదలైంది.

పౌరుల బహిష్కరణ గెలిచిందని తెరల మీద చెప్పారు. తమారా అక్కడే లేచి అది నిజం కాదందట. ఆ ముక్క తెర మీద వెయ్యలేదు.

1483వ రోజు

ఉప్మా. మూడొందల పదకొండు మంది.

ఓడ వెళ్లింది. ఎల్లాజీ దాంట్లో లేడు. లూజ్‌తో పనిచేసిన సుమిత్ర ఉంది. షిఫ్టు ఆగిన రోజుల్లోనే ఆవిడ పాత అనుమతి గడువు తీరిపోయింది, చేతిలో పని లేదని పొడిగించలేదు. షిఫ్టు మొదలయ్యాక కూడా తిరిగి ఇవ్వలేదు. లూజ్, నేను రేవు దాకా వెళ్లాం. ఆవిడ నన్ను తిట్టలేదు, దీవించలేదు. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి ఎక్కేసింది. ఇది కూడా ఈ పుస్తకంలో ఉండాలి.

1502వ రోజు

అన్నం, చారు, వంకాయ కూర. మూడొందల పదిహేను మంది.

తమారా కాగితాలు పట్టుకుని వచ్చింది. విశ్వవిద్యాలయం సర్వే. ఏదైనా వస్తువుని రాజకీయ కారణంతో కొనడం మానేశారా అని పట్టావాళ్లనీ, ఓడవాళ్లనీ అడుగుతున్నారు. పట్టావాళ్లలో సగానికి పైగా అవునన్నారు. ఓడవాళ్లలో నాలుగొందల మందిని అడిగితే నాలుగొందల మందీ లేదన్నారు.

"ఇలాగే అచ్చయితే, మీకు ఏదీ పట్టదని రాసినట్టే. అది అబద్ధమని నాకు తెలుసు. కానీ మీరు చెప్పనిది నేను రాయలేను," అంది.

"అడుగు," అన్నాను.

అడిగింది.

"అవును. మానేశాను."

"కారణం?" కాగితం మీద గళ్లున్నాయి. మతం, ఆరోగ్యం, రుచి, రాజకీయం. ఆవిడ కలం మతం గడి దగ్గర ఆగింది. "ఇది పెడితే మీకు ఇబ్బంది ఉండదు. ఈ కాగితాల మీద పేర్లుంటాయి. అనుమతుల ఆఫీసు అడిగితే ఇవ్వకుండా ఆపగలనని మాట ఇవ్వలేను."

కలం ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. మొక్కుకున్న మాట నిజమే, నూకాలమ్మ తల్లికి తెలుసు. కానీ నలభై ఆరు రోజులు చప్పిడి తిండి తిన్నది ఎందుకో నాకూ తెలుసు. చివరి గడిలో టిక్కు పెట్టాను. పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను.

"అనుమతి ఇంకా ఏడాదిన్నర ఉంది," అన్నాను. "అప్పుడు అడిగితే అప్పుడు చెబుతాను."

తల ఎత్తేసరికి మస్తాన్‌బీ చేతులు తుడుచుకుంటూ నా పక్కన నిలబడి ఉంది. ఆవిడ వెనక లూజ్. లూజ్ వెనక ఎల్లాజీ, మంచు మిషన్ మీది ఇరవై ఇద్దరు, భోజనాలు వదిలేసి లేచి వచ్చినవాళ్లు.

"ఆ కలం ఇటియ్యి," అంది మస్తాన్‌బీ.